రీలు తిప్పడం మరిచిపోతే

ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని మా నాయనమ్మకి గట్టి నమ్మకం. ఆవిడ ఒక్క ఫోటో కూడా లేకుండా ఎనభై ఏడేళ్ళు బతికింది. అంచేత ఆవిడ మాట తప్పని రుజువు చెయ్యడానికి మా ఇంట్లో ఎవరి దగ్గరా ఆధారం లేకుండా పోయింది. కాకపోతే ఆవిడ పోయాక, పదకొండో రోజుకి గోడకి ఏం తగిలించాలో తోచక మా నాన్నగారు తెల్లమొహం వేశారు. చివరికి ఆవిడ జపమాల పటం కట్టించి తగిలించారు. వచ్చినవాళ్ళు దానికే దణ్ణం పెట్టుకుని వెళ్ళారు.

అప్పటినుంచీ మా నాన్నగారికి కెమేరా కొనాలనే పట్టుదల పుట్టింది. ఆ కెమేరా కథే ఇది. అయితే నా మటుకు నాకు అది మా అమ్మ కథ కూడాను.

మాది బెజవాడ వన్ టౌన్. బ్రాహ్మణ వీధికి దగ్గర్లో, మూడు కుటుంబాలు ఒకే నుయ్యి వాడుకునే మండువా లోగిలి. అటు కనకదుర్గమ్మ కొండ, ఇటు కాలువ రోడ్డు, మధ్యలో సమరంగం చౌకు, కాళేశ్వరరావు మార్కెట్టు. ఆ మార్కెట్టుకి పేరిచ్చిన అయ్యదేవర కాళేశ్వరరావుగారు ఆంధ్రప్రదేశ్ శాసనసభకి మొదటి స్పీకరు. మాకు మాత్రం ఆ పేరు వింటే శాసనసభ కాదు, గోంగూర కట్టలు గుర్తొస్తాయి. ఏం చేస్తాం, పేరు ప్రతిష్ఠలు అలాగే ఉంటాయి.

ఫోటో అనేది 1839లో పుట్టింది. ఫ్రాన్సులో డాగెర్ అనే ఆయన వెండి పూత పూసిన రాగిరేకు మీద బొమ్మ నిలబెట్టే పద్ధతిని ఆ ఏడాది లోకానికి చెప్పాడు. మరుసటి సంవత్సరానికే ఆ విద్య కలకత్తాకి ఓడ దిగింది. 1856లో మద్రాసులో ఫోటోగ్రాఫర్ల సంఘం ఒకటి వెలిసింది. అప్పట్లో కృష్ణా జిల్లా కూడా మద్రాసు రాజధానిలోదే కదా! అంటే ఇక్కడ కృష్ణ మీద మొదటి ఆనకట్ట పూర్తయిన మరుసటి ఏడే అక్కడ కెమేరా వాళ్ళు సంఘం పెట్టుకున్నారన్నమాట.

మొదట్లో బొమ్మ పడాలంటే మనిషి నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాలి. తల కదలకుండా వెనకనుంచి ఇనుప కొంకె ఒకటి ఆనించేవారట. పాత ఫోటోల్లో మన ముత్తాతలందరూ అప్పుడే కోర్టులో దావా ఓడిపోయి వచ్చినట్టు ఎందుకుంటారో ఇప్పుడు అర్థమయిందా? అంతసేపు నవ్వు నిలబెట్టడం ఎవరి తరం!

మరి ఆడవాళ్ళ మాటేమిటి? పరదాల కాలంలో పరాయి మగవాడి ముందు మొహం ఎత్తి కూర్చోవడం ఎలా? దీనికి మార్గం మన హైదరాబాదులోనే దొరికింది. మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, సికింద్రాబాదులో స్థిరపడిన లాలా దీనదయాళ్ ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరు. నిజాం ఇచ్చిన బిరుదుతో రాజా దీనదయాళ్ అయ్యాడు. 1892లో ఆయన హైదరాబాదులో ఆడవాళ్ళకోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. చుట్టూ ఎత్తు గోడలు, లోపల మగపురుగు లేదు. ఫోటోలు తీసేది ఒక ఆంగ్లేయ వనిత. నూట ముప్పై ఏళ్ళ కిందట ఆ గోడల మధ్య పరదా తీసి, మొహం మీద వెలుగు పడనిచ్చి, ‘నేనిలా ఉంటాను’ అని ఒక గాజు ప్లేటుకి చెప్పిన ఆ ఆడవాళ్ళని తలచుకుంటే నాకు ఎందుకో ఒళ్ళు జల్లుమంటుంది.

బెజవాడకి జనానా స్టూడియో ఏదీ రాలేదు గానీ మాకు పూలజడ ఉంది. వేసవి వచ్చి మల్లెమొగ్గలు చవక అవగానే వీధిలో ఆడపిల్లలందరికీ వంతులవారీగా పూలజడలు. అరటిపట్ట మీద మొగ్గలు వరసగా కుట్టి, మధ్య మధ్య కనకాంబరాలు పొదిగి, దాన్ని జడకి బిగించేసరికి తల వెనక్కి లాగుతూ ఉండేది. పేరంటాళ్ళు చూసి మెచ్చుకున్నాక, మొగ్గలు విచ్చకముందే స్టూడియోకి పరుగు.

అక్కడ వచ్చిపడేది అసలు చిక్కు. మొహం కనబడితే జడ కనబడదు, జడ కనబడితే మొహం కనబడదు. ఈ చిక్కు ఎవరు విప్పారో గాని వాళ్ళకి ఒక నమస్కారం. పిల్లని ఓరగా నిలబెట్టి, వెనక నిలువుటద్దం పెట్టేవారు. మొహం నేరుగా, జడ అద్దంలో! మీలో ఎంతమంది ఇళ్ళలో అలాంటి ఫోటో ఉందో చేతులెత్తమంటే, ఈ పేజీ చదివేవాళ్ళలో సగం చేతులు లేస్తాయని నా నమ్మకం.

మా అమ్మది అలాంటి ఫోటో ఒకటి ఉంది. 1950 వేసవిలో తీసింది, అప్పుడు తనకి పన్నెండేళ్ళు. వెనక తెర మీద మేడమెట్లు, పూలకుండీ, చంద్రుడు. ఆ మేడ వన్ టౌన్‌లో సగం కుటుంబాల ఫోటోల్లో ఉంది. అందరం ఒకే రాజభవనానికి వారసులం. స్టూడియో ఆయన నల్లగుడ్డ కింద తల దూర్చి, ‘అమ్మాయ్, చిలకని చూడు’ అన్నాడట. చిలక ఎక్కడా లేదట. దానికోసం వెతుకుతున్న కళ్ళతోనే అమ్మ ఆ ఫోటోలో ఇప్పటికీ అలా చూస్తూ ఉంటుంది.

చాలా ఏళ్ళ తరవాత నేను ఆ స్టూడియోకి వెళ్ళి పాత గాజు నెగెటివు దొరుకుతుందేమోనని అడిగాను. వాళ్ళబ్బాయి నవ్వాడు. ‘నెగెటివులా! మందు కడిగేసి గాజుపలకలు పటాలు కట్టేవాళ్ళకి ఇచ్చేశాం. ఫిల్ములూ, వాడేసిన హైపో నీళ్ళూ వెండి తీసేవాళ్ళు కొనుక్కుపోయారు’ అన్నాడు. నిజమే. ఫోటోలో నలుపుగా కనబడేదంతా సన్నటి వెండి పొడి. ఆ వెండి గట్టి పడ్డాక మిగిలిన మందుని కరిగించి తీసేసేది హైపో. వాడిన హైపోలో వెండి మిగిలి ఉంటుంది, దానికో ధర. మా అమ్మ పన్నెండో ఏట పూలజడ ఏ ఇంట్లో సత్యనారాయణస్వామి పటానికి అద్దంగా ఉందో, ఏ కోడలి పట్టీల్లో కలిసిందో! అందుకతన్ని తప్పు పట్టలేను. బతకాలి కదా.

ఇక కెమేరా సంగతి. కెమేరాని స్టూడియోలోంచి ఇంటికి తెచ్చిన ఘనత అమెరికాలో ఈస్ట్‌మన్‌ది. 1888లో కొడాక్ పేరుతో చుట్ట ఫిల్ము కెమేరా అమ్మాడు. 1900లో ఒక్క డాలరుకి బ్రౌనీ అనే అట్టపెట్టె కెమేరా తెచ్చాడు, పిల్లలు కూడా తీసుకోవచ్చని. మరుసటి ఏడాది ఇంకో బ్రౌనీ కోసం చేసిన ఫిల్ముకి తరవాత 120 అనే నంబరు పెట్టారు. ఆ కొలత ఫిల్ము ఈనాటికీ తయారవుతోంది. మన ఇళ్ళలోకి వచ్చింది ఆ జాతిదే, బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ. నల్లటి తేలిక పెట్టె. ఎండకి ఒక గుర్తు, మబ్బుకి ఒక గుర్తు. వీపున ఎర్రటి చిన్న కిటికీ. అందులో అంకె కనబడేదాకా రీలు తిప్పాలి. రీలుకి పన్నెండు బొమ్మలు, అంతే.

1968 అక్టోబరు 6న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ గారు వచ్చి కొండ మీద గాంధీ స్తూపాన్ని ఆవిష్కరించారు. యాభై రెండు అడుగుల స్తూపం. ఆ కొండని అంతకుముందు ఓర్ కొండ అనేవారు, కృష్ణ ఆనకట్ట కట్టించిన కెప్టెన్ ఓర్ పేరు మీద. ఆ సందర్భానికే మా నాన్నగారు క్లిక్ త్రీ కొన్నారు. ‘ఫిల్ము రోలు కూడా తెచ్చాను’ అని ఆయన అంటే, పక్క వాటాలో మామ్మగారు ‘ఇంట్లో ఉన్న రోలు అరిగిపోయిందా నాయనా’ అని అడిగింది. రాష్ట్రపతిగారిని మూడు ఫోటోలు తీశారు. మూడింటిలోనూ ఎవరిదో గొడుగు బాగా వచ్చింది. రాష్ట్రపతి ఆవగింజంత ఉన్నారు. ఆ ఆవగింజ ఆయనేనని నాన్నగారు చివరిదాకా వాదించారు.

ఆ రోజుల్లో ఫిల్మంటే బంగారమే. విదేశీ మారకద్రవ్యం కరువు. ఊటీలో హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారు 1967లో ఉత్పత్తి మొదలుపెట్టి ‘ఇందు’ పేరుతో అమ్మారు. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు. పన్నెండు బొమ్మల్ని సంక్రాంతికి మూడు, ఎవరింట్లోనన్నా పెళ్ళికి నాలుగు, ఊరునించి వచ్చిన మేనత్తకి ఒకటి అని పంచాంగం చూసి పంచినట్టు పంచేవారు. ఆ పంపకంలో అమ్మ వంతు ఎప్పుడూ రాలేదు. ఎవరూ కాదనలేదు సుమండీ. ఫోటో అనగానే పిల్లలకి తలలు దువ్వేది ఆవిడ, మేనత్త చీర కుచ్చిళ్ళు సర్దేది ఆవిడ, ఎండ మొహాన పడకుండా పక్కన దుప్పటి పట్టుకు నిలబడేది ఆవిడ. ‘నువ్వూ నించోవే’ అంటే, ‘ముందు పిల్లల్ని తియ్యండి, మిగిలితే చూద్దాం’ అనేది. అన్నం గిన్నె దగ్గర అన్నమాటే ఫిల్ము దగ్గరా అంది. రెండుచోట్లా ఏమీ మిగల్లేదు.

ఒక్కసారి మాత్రం నాన్నగారు వినలేదు. ఆ ఏడే కార్తీకమాసంలో అందరం గాంధీకొండ ఎక్కాం. అమ్మ ముదురు నేరేడు రంగు చీర కట్టుకుంది. ‘కదలకు’ అని నాన్నగారు టక్కున నొక్కేశారు. అమ్మ సిగ్గుతో నవ్వుతూ పక్కకి తప్పుకుంది. ఆ సంతోషంలో ఆయన రీలు తిప్పడం మరిచిపోయి, వెంటనే స్తూపాన్ని తీశారు. క్లిక్ త్రీ పాపం అమాయకురాలు. రీలు తిప్పావా లేదా అని అడగదు, నొక్కితే తీస్తుంది.

కడిగించాక చూస్తే ఒకే బొమ్మలో ఇద్దరు. అమ్మ చీర నిండా స్తూపం. వెనక ఆకాశం వెలుగులో భుజాలు కరిగిపోయాయి. నవ్వు మాత్రం మిగిలింది. నాన్నగారు నొచ్చుకుని, ‘పాడైపోయింది, మళ్ళీ తీస్తాను’ అన్నారు. మళ్ళీ అనేది రాలేదు. తరవాత పెళ్ళిళ్ళ గుంపు ఫోటోల్లో అమ్మ వెనక వరసలో అరమొహంతో కనబడుతుంది గాని, తన కోసం తీసింది ఇంకొకటి లేదు.

అమ్మ పోయాక ట్రంకుపెట్టె తీస్తే, పట్టుచీరల అడుగున పాత కాగితం మడతలో రెండు ఫోటోలు. ఒకటి పూలజడది. రెండోది, నాన్నగారు పారేశారనుకున్న ఆ పాడైన బొమ్మ. రెండుంపావు అంగుళాల చదరం. అది దాచుకుందన్న సంగతి నాన్నగారికి కూడా తెలియదు. ఆయన దాన్ని పట్టుకుని చాలాసేపు కిటికీ దగ్గర కూర్చున్నారు. నేనేమీ అడగలేదు.

తరవాత తెలుసుకున్నాను, దానికో శాస్త్రం ఉంది. ఫిల్ముకి నలుపంటే ఖాళీ చోటు. మొదటిసారి వెలుగు ఎక్కడ పడదో అక్కడ రెండో బొమ్మ కూర్చుంటుంది. అమ్మ ముదురు చీర కట్టుకుంది కాబట్టే స్తూపానికి చోటు దొరికింది. ఎప్పుడూ అందరికీ చోటిచ్చిన మనిషి, ఫిల్ములోనూ ఆ పనే చేసింది.

కెమేరా వెనక్కి వెళ్ళిన ఆడవాళ్ళ కథ కూడా వినండి. మన దేశంలో పత్రికలకి ఫోటోలు తీసిన మొదటి మహిళ హోమాయి వ్యారావాలా. 1913లో పుట్టిన పార్సీ వనిత. రోలీఫ్లెక్స్ కెమేరా మెళ్ళో వేసుకుని, చీర కట్టుకుని, సైకిలు మీద ఢిల్లీ అంతా తిరిగి నెహ్రూగారి రోజుల్ని బొమ్మకట్టింది. మొదట్లో ఆవిడ తీసిన ఫోటోలు భర్తగారి పేరు మీద అచ్చయ్యేవి. 2011లో పద్మవిభూషణ్ వచ్చింది, మరుసటి ఏడు కన్నుమూసింది. పేరు లేకుండా వెనక నిలబడటం అంతటివాళ్ళకీ తప్పలేదన్నమాట!

ఇక ఈ మధ్య సంగతికి వస్తాను. ఆ రెండు ఫోటోలూ సింగ్‌నగర్‌లో మా చెల్లెలి దగ్గర ఉండేవి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగింది కదా, చెల్లెలి ఇంట్లోకి నడుములోతు నీళ్ళు వచ్చి రోజుల తరబడి నిలిచాయి. నీరు తీశాక బీరువా తెరిచి అది నాకు ఫోన్ చేసి, ‘అక్కా, అమ్మ పోయిందే’ అని ఏడ్చింది. అమ్మ పోయి పదహారేళ్ళయింది. అయినా అది ఎందుకలా అందో నాకు వెంటనే అర్థమయింది. 1977 దివిసీమ ఉప్పెనలో మా పెద్దమ్మ వాళ్ళ ఇల్లు కొట్టుకుపోయినప్పుడు ఆవిడా అంతే. గొడ్లూ, గాదెలూ పోయినా నిబ్బరంగా ఉన్న మనిషి, పోయిన కొడుకు ఫోటో ఒక్కటీ లేదని తలచుకునే ఏడ్చేది.

వెళ్ళి చూస్తే రంగుల ఆల్బములు అట్టకట్టుకుపోయాయి. నలుపు తెలుపు ఫోటోలు రెండూ బురదలో మెత్తబడి ఉన్నాయి గాని, బొమ్మ చెక్కుచెదరలేదు. పాత ఫోటో కాగితం పుట్టడమే నీళ్ళలో పుడుతుంది. మందులో తేలి, హైపోలో మునిగి, గంటసేపు పారే నీళ్ళలో స్నానం చేశాకే అది ఫోటో అవుతుంది. పుట్టింటిని మరిచిపోదు కాబోలు! మీకెవరికైనా ఇలాంటి కష్టం వస్తే గుర్తుంచుకోండి: తడిసిన ఫోటోలు ఒకదానికొకటి అంటుకుని ఎండిపోనివ్వకండి. లాగి చించకండి. శుభ్రమైన చల్లటి నీళ్ళలో నాననిచ్చి మెల్లిగా విడదీయండి. బొమ్మ మీద వేలు పెట్టకుండా బురద వదిలించి, నీడలో గుడ్డ మీద బొమ్మ పైకి ఉండేట్టు ఆరబెట్టండి. మేం అలాగే చేశాం. అమ్మ మళ్ళీ చిలకని వెతుక్కుంటూ కూర్చుంది.

ఆ సామాన్లలోనే క్లిక్ త్రీ బయటపడింది. మా చెల్లెలి మనవరాలు కాలేజీలో చదువుతోంది, దాన్ని తుడిచి, ఎక్కడినించో 120 రీలు తెప్పించింది. ఈ కాలపు పిల్లలకి పాత కెమేరాల మోజు పట్టుకుందిట. ‘చేతిలో ఫోను ఉండగా ఇదెందుకే?’ అన్నాను. ‘ఫోన్లో నాలుగువేల ఫోటోలున్నాయి పెద్దమ్మమ్మా, ఒక్కటీ చూడబుద్ధి కాదు. ఇందులో పన్నెండే. చూసి తియ్యాలి’ అంది. నాకు సమాధానం దొరకలేదు.

ఒక ఆదివారం పొద్దున్నే ఇద్దరం వన్ టౌన్‌కి బయల్దేరాం. కాలువ రోడ్డులో ఒకటి. కాళేశ్వరరావు మార్కెట్టు ముందు అరటాకుల మోపులు దింపుతుంటే ఒకటి. బ్రాహ్మణ వీధిలో మా లోగిలి చోట మూడంతస్తుల గోదాం లేచింది. పిల్ల కెమేరా ఎత్తి, మళ్ళీ దించేసింది. ‘ఎందుకు దించావు?’ అంటే, ‘నువ్వు చెప్పిన నుయ్యి ఇందులో లేదుగా’ అంది. పటాలు కట్టే కొట్టు ముందు మాత్రం నేనే ఆగాను. వరసగా పేర్చిన అద్దాలు చూస్తూ నిలబడిపోయాను. అక్కడొకటి తీయించాను, ఎందుకని అది అడగలేదు.

రథం సెంటరు దగ్గర పూలమ్మే ముసలామె ఒకావిడ తీయించుకోడానికి ఒప్పుకుంది. కొంగు సర్దుకుని, పూలబుట్ట ముందుకు జరుపుకుని బిగుసుకు కూర్చుంది. టక్కుమనగానే, ‘ఏదీ, చూపించు’ అని చెయ్యి చాపింది.

‘ఇప్పుడు కనబడదు మామ్మా, కడిగించాలి. వేరే ఊరు పంపించాలి’ అంది పిల్ల.

‘అయితే ఇయ్యరన్నమాట. ఫోన్లలో తీసుకుని పోతారు అందరూ, ఇచ్చినవాళ్ళు లేరు.’

పిల్ల మొహం చిన్నబుచ్చుకుంది. తరవాత మూడు వారాలకి ఫోటో పట్టుకుని అదొక్కతే వెళ్ళి ఇచ్చి వచ్చింది. ఆవిడ బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఇంత ముసలిదాన్నయానా!’ అని నవ్వి, రూపాయలు ఎంతని అడిగిందట. వద్దంటే బలవంతాన రెండు మూరల మల్లెపూలు చేతిలో పెట్టింది. ఆ పూలు తెచ్చి ఇది నా తలలో పెట్టింది.

ఆ ఆదివారం పన్నెండోది మిగిలింది. గాంధీకొండ కనబడేచోట నన్ను నిలబెట్టి, ‘ఇది నీకు’ అంది. నా నోటికి వెంటనే ‘నాకెందుకే, వేరే ఏదన్నా...’ అనే మాట వచ్చింది. వచ్చినమాటని మింగేశాను. అది ఎవరి మాటో నాకు తెలుసు. బుద్ధిగా నిలబడి, చెంగు సర్దుకున్నాను.

‘రీలు తిప్పావుటే?’ అని మాత్రం అడిగాను.

‘తిప్పాను పెద్దమ్మమ్మా, ఎర్ర కిటికీలో పన్నెండు కనబడుతోంది చూడు.’

తిప్పకపోయినా బాగానే ఉండేదేమో!